వెర్డెల్ గాస్కిన్స్‌కి అనుమతి దొరికిన వైనం

వెర్డెల్ గాస్కిన్స్ అడిగితే సముద్రంలో మునిగిపోయిన ఓడ కూడా పైకి తేలి, లెక్క అప్పజెప్పి, మళ్ళీ మునుగుతుంది. అడగవలసిన ప్రశ్న అడగకుండా వదిలిన రోజు ఆవిడ పుట్టాక లేదు. ఒకసారి నౌకాదళంలో ఒక అడ్మిరల్, పడవలు కొన్ని ఎక్కడున్నాయో తెలియడం లేదని గొణిగాడు. వెర్డెల్ ఆయనకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, సంచిలోంచి ఆపిల్ తీసి చాకుతో చెక్కుతూ, "సరే, తెలిసినవి ఎక్కడున్నాయో చెప్పండి" అందట. తొక్క తెగి కింద పడేలోగా ఆయన పడవలన్నీ చూపించి, చిన్నప్పుడు పక్కింటి నుంచి ఎత్తుకొచ్చిన సైకిలు సంగతి కూడా ఒప్పేసుకున్నాడట. నమ్మనివాళ్ళు సూట్‌లాండ్ వచ్చి మా వీధిలో ఎవరినైనా అడగొచ్చు.

అడిగితే చెప్పరు, అది వేరే సంగతి. వాషింగ్టన్‌కి కూతవేటు దూరంలో, మేరీల్యాండ్ వైపు ఉన్న మా వీధిలో ఒకరి పని గురించి ఇంకొకరు అడగడం అమర్యాద. "ఎక్కడ చేస్తున్నారు?" అంటే "గవర్నమెంటులో" అంటారు. అక్కడితో మాట తెగాలి. ఆ పైన ఇంకో ప్రశ్న వేసినవాడు ఊరికి కొత్తవాడన్నమాట. సాయంత్రం బస్సు దిగగానే మెడలో బ్యాడ్జీ తీసి చొక్కా జేబులో తోసేస్తారు. శనివారం పేకాటలో ఒక కుర్చీ ఖాళీగా ఉంటే, "లేడా?" "లేడు." "సరే, ముక్కలు పంచు." అంతే. ఇక్కడొక మొగుడూ పెళ్ళాం పదేళ్ళపాటు ఒకే భవనానికి వేరు వేరు గేట్ల గుండా ఉద్యోగానికి వెళ్ళారు. నిప్పంటుకుంటే ఎలా పారిపోవాలో నేర్పే రోజున పార్కింగులో ఎదురుపడ్డారు. "నువ్విక్కడేంటి?" అనడానికి నోరు రాక, "ఎండ బాగుంది కదండీ" అనుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

ఇలాంటి వీధిలో ప్రశ్నలడిగి బతికే మనిషి ఒక్క వెర్డెల్. ఆవిడ చట్టసభ తరఫున సర్కారు లెక్కలు చూసే కార్యాలయంలో ఆడిటరు. సైన్యం బూట్ల దగ్గర్నుంచి బడిపిల్లల పాల డబ్బాల దాకా అన్నీ ఆవిడ కళ్ళ కింద నుంచి పోయినవే. అయితే పగలంతా ఊరినంతటినీ నిలదీసి, సాయంత్రం వీధి మలుపు తిరగగానే ఆవిడా మాలాగే నోరు కట్టేసుకునేది. రెండు బతుకులు, రెండు నోళ్ళు. దాంట్లో తప్పు ఉందని ఎవరికీ తోచలేదు.

ఆవిడకున్నది ఒక్క తమ్ముడు, లెమ్యూల్. తల్లి పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు, వెర్డెల్‌కి ఇరవై. వాడి తలకు నూనె రాసి, బడికి పంపి, జ్వరానికి గంజి కాచింది ఆవిడే. వాడు పెద్దవాడై చెడు సావాసాల్లో పడి, మత్తుపొడి అమ్ముతూ దొరికి, జైలుకు పోతే, ప్రతి నెలా అద్దానికి ఇవతల కూర్చుని ఫోను చెవికి ఆనించుకున్నదీ ఆవిడే. బయటికొచ్చాక లెమ్యూల్ బాల్టిమోర్‌లో స్థిరపడి, అక్కడి పాతకాలపు బళ్ళవాళ్ళతో చేరి, గుర్రబ్బండి మీద వీధివీధికీ పళ్ళు అమ్మేవాడు. గుర్రం పేరు సెనేటర్. ఎవరు తోలినా తనకిష్టమైన వైపే పోతుందని ఆ పేరు పెట్టాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేసేవాడు. ఎత్తగానే హలో అనడు, వీధిలో కేక వేసినట్టే రాగం తీస్తాడు: "పుచ్చకాయలోయ్, గింజ తక్కువ, తీపెక్కువ!" వెర్డెల్ ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని, నవ్వడం లేదన్నట్టు మొహం పెట్టేది.

ఇక గూఢచారి సంస్థల సంగతి. వెర్డెల్ కార్యాలయం అన్ని తలుపులూ తట్టింది గానీ, ఆ తలుపు ఒక్కటి ఏళ్ళ తరబడి తెరుచుకోలేదు. "మేం రానివ్వమని ఎవరన్నారు? రండి, టీ తాగండి. కాకపోతే లోపలి కాగితాలు చూడాలంటే క్లియరెన్స్ ఉండాలి" అనేవాళ్ళు. క్లియరెన్స్ అంటే ఈ మనిషికి రహస్యం చెప్పినా ఫరవాలేదని ఇచ్చే అనుమతి. "అది ఎవరిస్తారు?" "మేమే." "ఎప్పుడిస్తారు?" "అది రహస్యం." మొత్తానికి చట్టసభ కన్నెర్ర చేయగా, రెండువేల పదకొండు ప్రాంతంలో ఒక సంస్థ దారికొచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళు క్లియరెన్స్ కోసం ఎందుకన్నేళ్ళు పడిగాపులు కాస్తున్నారో బయటివాళ్ళు వచ్చి చూడవచ్చునంది. ఆ చూసేవాళ్ళకి కూడా ముందు క్లియరెన్స్ కావాలి. వానలో తడిసినవాళ్ళు ఎందరో లెక్కపెట్టే పని, లెక్కపెట్టేవాడు ముందు తడిసి రావాలి.

ఆ పనికి వెర్డెల్‌ని ఎంచారు. పై అధికారి హోలిస్ ఆవిడ కంటే చిన్నవాడు, మంచివాడు, మాటల్లో మాత్రం కొంచెం నాటకం పాలు ఎక్కువ. తలుపు మూసి అన్నాడు:

"వెర్డెల్, నీకు గనక అనుమతి రాకపోతే, 'చూశారా, బయటివాళ్ళని నమ్మలేం' అంటారు. ఇంకో పదేళ్ళు తలుపు మూసేస్తారు. ఇంట్లో ఏమన్నా ఉంటే ఇప్పుడే చూసుకో."

"ఇంట్లో నేనూ, ఒక పాత కుర్చీ ఉన్నాం."

"కుర్చీకి విదేశీ బంధువులు లేరుగా?" అని నవ్వాడు.

వెర్డెల్ నవ్వింది గానీ, ఇంటికొచ్చే బస్సులో తమ్ముడే కళ్ళ ముందు ఉన్నాడు. లెమ్యూల్ పేరునీ, జైలునీ కాగితాల మీద దాచే మనిషి కాదు ఆవిడ. ఉన్నదున్నట్టు రాసిచ్చింది. ఆవిడ భయం వేరు. జైలుకెళ్ళొచ్చిన మనిషితో వారం వారం మాట్లాడుతూ ఉంటే వాళ్ళేమనుకుంటారు?

ఎదురింటి మిస్ ఐడెల్లా పెద్దావిడ. ఎక్కడ పనిచేసి రిటైరైందో ఎవరికీ తెలియదు, తెలిసినా తెలియనట్టే. ఆ శనివారం పేక ముక్కలు సర్దుకుంటూ, ఎవరినీ ఉద్దేశించనట్టుగా అంది:

"మా మరిదిని ఏడేళ్ళు గుమ్మం తొక్కనివ్వలేదు. తాగుడు. అలా ఉన్నా కాబట్టే నా బ్యాడ్జీ నిలబడింది. ముక్కెయ్యి వెర్డెల్."

వెర్డెల్ ముక్క వేసింది. మా వీధిలో ఇలాంటి విషయాలు ఇలాగే తెలుస్తాయి. ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరికీ తెలిసిపోతుంది. తెలిసినది నిజమా కాదా అని మళ్ళీ ఎవరూ అడగరు.

మరుసటి ఆదివారం ఫోన్ మోగింది. పుచ్చకాయల కేక పూర్తికాకముందే వెర్డెల్ అందుకుంది.

"లెమ్, ఒక మాట చెప్పాలి. మధ్యలో వేళాకోళం చెయ్యకు."

"సరే అక్కా. మొహం సీరియస్‌గా పెట్టా. సెనేటర్‌క్కూడా చెప్పా."

"కొన్నాళ్ళు ఫోన్ చెయ్యకు. ఇంటికీ రాకు. నేనూ చెయ్యను."

అవతల గుర్రం ముక్కు చీదిన చప్పుడు.

"ఇప్పుడు నేనేం చేశానే?"

"ఇప్పుడు కాదు, అప్పుడు చేసిందే. ఒక పని కోసం నా పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వుతున్నారు. నువ్వు వారం వారం ఫోన్ చేస్తుంటే బాగుండదు."

"మాట్లాడొద్దని వాళ్ళన్నారా?"

"అలాంటివి వాళ్ళు నోటితో అనరు లెమ్."

"మరి సెనేటర్ని కూడా విచారిస్తారా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"లెమ్!"

"సరేలే అక్కా. ఎన్నాళ్ళు?"

"వేసవి దాటేదాకా."

"ఓస్, అంతేనా! ఇంతకంటే పెద్ద శిక్షే పడిందిగా నాకు. ఇదీ గడిపేస్తా." తర్వాత, "నీ పని కానీ. బాగా కానీ" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు కేక వెయ్యలేదు.

విచారణకు వచ్చిన మనిషి పేరు స్టెంగెల్. పోలీసు ఉద్యోగం మానేసి, రోజుకూలీ మీద జనం గుణగణాలు కనుక్కునే పనిలో చేరాడు. మండుటెండలో కోటు వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు పాపం. మా వీధిలో ఇలాంటివాళ్ళు రాని నెల ఉండదు. మిస్ ఐడెల్లా ఆయన్ని నీడలో కూర్చోబెట్టి, ఐసు వేసిన తియ్యటి టీ చేతిలో పెట్టి, పాఠం ఒప్పజెప్పింది.

"ఉన్నదాంట్లో బతుకుతుంది. తాగదు. అర్ధరాత్రి గోల లేదు. జెండా తగలెట్టగా చూళ్ళేదు. ఇంకా?"

"మేడమ్, ఎవరి గురించో నేనింకా చెప్పలేదు."

"ఎవరైతే ఏం నాయనా? ఈ వీధి మొత్తానికీ అదే జవాబు. టీ చల్లారకముందే... కాదులే, వేడెక్కకముందే తాగు."

వెర్డెల్ ఇంట్లో మాత్రం ఆయన నోట్లోంచి ప్రశ్న వచ్చింది. "మీ తమ్ముడితో రాకపోకలు ఎలా ఉన్నాయి?"

"మేం అంత దగ్గర కాదు" అంది వెర్డెల్.

స్టెంగెల్ రాసుకుని పేజీ తిప్పాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎంతోమంది అధికారులు సరిగ్గా ఇలాంటి గొంతుతోనే తనకి ఇలాంటి జవాబులు చెప్పగా విన్నది. ఒక్క మాటతో పక్కకి జరిపేసే గొంతు. అది ఇప్పుడు తన నోట్లోంచి వచ్చింది.

వేసవి దాటింది. అనుమతి రాలేదు. ఆకులు రాలాయి. రాలేదు. హోలిస్ రోజూ ఆవిడ టేబుల్ దగ్గర ఆగి కనుబొమలు ఎగరేసేవాడు, ఆవిడ తల అడ్డంగా ఊపేది. ఆదివారాలు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒకసారి నంబరు నొక్కి, అవతల మోగకముందే పెట్టేసింది. ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు తప్పు చేస్తానా, ఇంకొక్క వారం, ఇంకొక్క వారం అనుకుంది. ఎదురుచూపులో ఉండే మాయ అది. ఎంత ఎక్కువ పోగొట్టుకుంటే అంత గట్టిగా పట్టుకు వేలాడాలనిపిస్తుంది.

క్రిస్మస్ ముందు ఒకరోజు ఆవిడ పని నుంచి వచ్చేసరికి గుమ్మంలో బుట్టెడు నారింజలు ఉన్నాయి. చీటీ లేదు, పేరు లేదు. ఎదురింటి అరుగు మీది నుంచి మిస్ ఐడెల్లా కేకేసింది.

"టోపీ పెట్టుకున్న మనిషి ఎవరో పెట్టెళ్ళాడు. దగ్గుతున్నాడు. వస్తుంది కూర్చోవయ్యా అన్నాను. వద్దన్నాడు. నీ దీపం వెలిగేదాకా ఆ మూల నిలబడి చూసి వెళ్ళనా అని నన్నే అడిగాడు. చలి నాయనా, పో అన్నాను."

"ఎవరో చెప్పాడా?"

"నేనడగలేదమ్మా" అంది మిస్ ఐడెల్లా, తన మర్యాద తను పాటించినదానిలాగా.

వెర్డెల్ ఆ నారింజలు ఒక్కటీ ఎవరికీ పెట్టలేదు. వంటింట్లో నిలబడి రోజుకొకటి ఒలుచుకుని తిన్నది.

చలికాలం చివర్లో పిలుపు వచ్చింది. అబద్ధాలు పట్టే యంత్రం ముందు కూర్చోవాలి. నది అవతల, పేరు రాయని భవనంలో, కిటికీ లేని గది. వేళ్ళకీ ఛాతీకీ తీగలు కట్టిన అమ్మాయి ఆవిడకి కూతురి వయసుది. సన్నగా, మర్యాదగా అడిగింది. అప్పులు, తాగుడు, విదేశాలు, అన్నిటికీ యంత్రం సూది ఎగరకుండా నడిచింది. తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ఎగిరింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఎగిరింది.

"మేడమ్, ఇక్కడే ఏదో ఉంది. ఏంటది?"

వెర్డెల్ తీగలు కట్టిన వేళ్ళకేసి చూసుకుంది. "మేం దగ్గర కాదన్నాను. అది అబద్ధం. వాణ్ణి పెంచింది నేను. ఫోన్ చెయ్యొద్దని చెప్పాను, మీకోసం."

ఆ అమ్మాయి కలం కింద పెట్టింది. "మానెయ్యమని మీకెవరు చెప్పారు?"

"అందరికీ తెలిసిందే కదా."

"మాకు తెలీదండీ. మీ తమ్ముడి కేసు సంగతంతా మా దగ్గర ఉంది. ఎప్పుడో అయిపోయిన కథ. వారం వారం మాట్లాడతాను అని చెబితే సరిపోయేది. రోజూ మాట్లాడినా మాకేం? దాస్తేనే మాకు పని." గొంతు ఇంకాస్త తగ్గించింది. "మీది ఇన్నాళ్ళు ఆగింది కూడా దీనివల్లే. చేత్తో పెంచిన తమ్ముడితో, ఫోన్ లెక్కల్లో ఉన్నట్టుండి మాటలు తెగిపోతే, ఏదో జరిగిందనుకున్నారు. ఒక్క ఫోన్ చేసి అడిగుంటే ఆ రోజే చెప్పేవాళ్ళం కదా మేడమ్."

తీగలు విప్పగానే వెర్డెల్ లేచింది. బయట పెట్టెలో పెట్టిన ఫోన్ తీసుకుని, పార్కింగులో కారు పక్కన నిలబడే నంబరు నొక్కింది. ఆ నంబరు ఇప్పుడు లేదని ఒక ఆడగొంతు చెప్పింది. ఇంటికి వెళ్ళలేదు. కారు తిన్నగా బాల్టిమోర్ తోలింది.

గుర్రాల పాక ఇటుక సందులో ఉంది. ముసలి ప్లెజెంట్, లెమ్యూల్‌తో పాతికేళ్ళుగా బండి తోలినవాడు, గడ్డి దులుపుతూ తలెత్తాడు. ఆవిడెవరో చెప్పనక్కర్లేకపోయింది. మొహంలో పోలిక ఉంది. పార పక్కన పెట్టి టోపీ తీశాడు.

"మీ పని అయిపోయిందామ్మా?"

"లెమ్యూల్ ఏడీ?"

ఆయన టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూ ఉండిపోయాడు. దాంతో ఆవిడకు తెలిసిపోయింది. గుర్రపు కొట్టం కొయ్య పట్టుకుంది.

"కొత్త సంవత్సరం వచ్చాక, ఊపిరితిత్తులకి నెమ్ము పట్టింది. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. నేను పక్కనే ఉన్నా. దగ్గరివాళ్ళెవరని నర్సు అడిగింది. ఎవరూ లేరన్నాడు. 'ఏంట్రా ఆ అబద్ధం, అక్క లేదూ?' అన్నా. 'ఆవిడ పని ఇంకా తెమల్లేదు ప్లెజెంట్. ఆసుపత్రోళ్ళు ఫోన్ చేస్తే అదీ ఒక రాకపోకే. రాసుకుంటారు' అన్నాడు. ఒట్టేయించుకున్నాడమ్మా నా చేత. ఆవిడ పనయ్యాక చెప్పు అన్నాడు. అయిందో లేదో నేనెవర్ని అడగను? మీ ఊరి సంగతి అసలే ఎవరూ..." అని ఆగిపోయాడు.

వెర్డెల్ కొట్టంలో గుర్రం వైపు తిరిగింది.

"బళ్ళవాళ్ళమందరం కలిసి సాగనంపాం. సెనేటర్‌తోనే లాగించాం. ఎన్నడూ చెప్పినమాట వినని వెధవ, ఆ రోజు కళ్ళెం తాకకుండానే తిన్నగా నడిచింది."

సమాధి చూపించమంది. రాయి ఇంకా వెయ్యలేదు. మంచు కరిగి మట్టి కుంగి ఉంది. ప్లెజెంట్ దూరంగా నిలబడ్డాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి, కుంగిన చోటికి మట్టి రెండు చేతులతో తోసింది. చాలాసేపు అదే పని చేసింది, నిద్రలో పిల్లాడి మీంచి జారిన దుప్పటి సర్దినట్టు. గోళ్ళ నిండా మట్టి.  

కొన్ని వారాలకి అనుమతి వచ్చింది. హోలిస్ కేకు తెప్పించాడు. వెర్డెల్ కత్తి పట్టుకోకుండా, తమ్ముడికి దూరంగా ఉన్నదీ, వాడు పోయిందీ రెండు ముక్కల్లో చెప్పింది. కేకు అలాగే ఉండిపోయింది. సాయంత్రం ఊడ్చేవాళ్ళు తీసుకెళ్ళారు.

పని మాత్రం చేసింది. అనుమతి దొరికిన వెర్డెల్ ఆ కిటికీ లేని భవనంలో రెండేళ్ళు కూర్చుంది. అక్కడివాళ్ళేం రాక్షసులు కాదు. ఆవిడ నడుం నొప్పి చూసి ఒకాయన తన మెత్తటి కుర్చీ ఇచ్చేశాడు. ఆవిడ అడిగింది, వాళ్ళు చెప్పారు. ఏళ్ళ తరబడి వేచి ఉన్నవాళ్ళ కాగితాల్లో, తనలాగే తల్లినో, అన్ననో, చిన్ననాటి స్నేహితుణ్ణో ఉన్నట్టుండి దూరం పెట్టినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కనబడ్డారు. ఎవరూ పెట్టమని చెప్పలేదు. ఎవరూ వద్దనీ చెప్పలేదు. వెర్డెల్ తన నివేదిక చివర ఒక సిఫారసు రాసింది. అదేమిటో చెప్పకూడదు గానీ ఊహించలేనిది కాదు. "పాక్షికంగా అంగీకరిస్తున్నాం" అని సంస్థ జవాబిచ్చింది. నివేదికకి రహస్యమని ముద్ర కొట్టి లోపల పెట్టి తాళం వేశారు. ఆ ఒక్క వాక్యాన్ని ఇప్పుడు చదవాలన్నా క్లియరెన్స్ కావాలి. దాన్ని ఆవిడ ఇంటికి తెచ్చుకోలేదు, సమాధి దగ్గర చదివి వినిపించలేదు.

వీధిలో మాత్రం కథలు పెరిగాయి. ఎవరూ అడగని చోట కథలు ఏపుగా పెరుగుతాయి. గూఢచారులు ఆవిణ్ణి నెల రోజులు చీకటి గదిలో పెట్టారని, తమ్ముడా దేశమా తేల్చుకొమ్మన్నారని, ఆవిడ కన్నీటి చుక్క రాకుండా దేశం అందని, పెద్ద పెద్దవాళ్ళు లేచి సలాం కొట్టారని. మిస్ ఐడెల్లా కూడా తల ఊపేది. అలా ఊపినప్పుడల్లా ఏడేళ్ళ పాటు తన గుమ్మం బయట ఉండిపోయిన మనిషి ఆవిడ కళ్ళలో మెదిలేవాడేమో, ఊపడం మధ్యలో ఆపి ముక్కలు సర్దుకునేది.

వెర్డెల్ రిటైరైన రోజు చర్చి కింది హాల్లో విందు చేశారు. బల్లల మీద కాగితాలు పరిచి, కారం పట్టించి ఉడికించిన పీతలు కుమ్మరించారు. అందరూ చెక్క సుత్తులతో పెంకులు కొడుతుంటే హోలిస్ మైకు పట్టుకుని లేచాడు. సుత్తులు ఆగాయి.

"చాలామంది దేశానికి చెమట ఇస్తారు, కొందరు నెత్తురిస్తారు. ఈవిడని దేశం ఇంకా పెద్దది అడిగింది. నీ రక్తం పంచుకు పుట్టినవాణ్ణి వదులుకో అంది. వెర్డెల్ గాస్కిన్స్ మారుమాట్లాడకుండా వదులుకుంది!"

చప్పట్లు మోగాయి. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ప్లెజెంట్ బాల్టిమోర్ నుంచి పాత కోటు వేసుకుని వచ్చాడు, ఆయన ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. వెర్డెల్ చేతులు కాగితానికి తుడుచుకుని, హోలిస్ దగ్గరికి నడిచి, మైకు తన చేతిలోకి తీసుకుంది. హాలంతా ఆవిడ వైపు తిరిగింది.

"వదులుకోమని నన్నెవరూ అడగలేదు. వదులుకోవాలా అని నేనూ అడగలేదు."